బడిలో వేయించిన పుట్టినతేదీ
సూరత్ లింబాయత్‌లో, మన పద్మశాలీలు ఉండే ఓ వీధిలో పాత ఫియట్ ఒకటి కనబడింది. ఆర్‌సీ పుస్తకంలో 1973 అని ఉంది. డిక్కీ మీద మాత్రం ‘ప్రీమియర్ పద్మిని’. ఆ పేరు వచ్చిందే 1974లో! “పేరుదేముందన్నా, ఎప్పుడైనా బిగించుకోవచ్చు” అని నవ్వాడు బండాయన. నిజమే, పేరుపలక సాక్ష్యం కాదు, నగ. అందరూ ఆర్‌సీని వేదంలా పట్టుకుంటారు గానీ, నాకది బడిలో అయ్యవారు వేసిన పుట్టినతేదీ లాంటిది. కుర్లా ఫ్యాక్టరీలో పుట్టిన రోజు వేరు, ఆర్‌టీఓ గుమ్మం తొక్కిన రోజు వేరు. 2021 నాటి వింటేజ్ నిబంధన కూడా 50 ఏళ్లను తొలి రిజిస్ట్రేషన్ నుంచే లెక్కిస్తుంది. సర్కారుకు అంతకంటే తీరిక ఎక్కడిది! నేనైతే బానెట్ ఎత్తి, నంబరు కంటే ముందు ఆ నంబరు రేకును పట్టుకున్న రివెట్లు చూస్తాను. చుట్టూ రంగు పొరలుపొరలుగా పేరుకుని, రివెట్లు మాత్రం తళతళలాడుతుంటే అనుమానించాల్సిందే. ఆ తర్వాతే ఛాసిస్ మీద గుద్దిన అంకెలు. ఇంజిన్ మాట అసలు నమ్మను, డీజిల్ మోజులో ఎన్ని మారలేదు! ఈ బండి రివెట్లు రంగులో మునిగే ఉన్నాయి, అంకెలూ ఆర్‌సీతో కలిశాయి. “మరి పద్మిని?” అన్నాను. “మా అమ్మ పేరు” అన్నాడు.