నాట్ గోడ కాదు బాబూ, దొడ్డిగుమ్మం

ఏ డిజైన్ రివ్యూకి వెళ్ళినా ఒకటే పాట. "సర్వర్లన్నిటికీ ప్రైవేటు ఐపీలే ఇచ్చాం సార్, క్లౌడ్ రౌటర్ మీద నాట్ పెట్టాం, ఇక సెక్యూరిటీకి ఢోకా లేదు." స్లైడులో ఓ మేఘం బొమ్మ, పక్కనే ఓ రౌటర్ బొమ్మ, రెంటినీ కలుపుతూ ఓ బాణం. అందరూ గంగిరెద్దుల్లా తలూపుతారు, తర్వాతి స్లైడుకి వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే.

నాట్ అవసరం లేదని నేననడం లేదు. అది చేసే పని ఒకటైతే మనవాళ్ళు దానికి అంటగడుతున్న పని ఇంకొకటి. గొడవంతా అదే.

అసలిది ఎందుకు పుట్టిందో చూడండి. 1994 మేలో ఆర్ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో నాట్ గురించి రాశారు. అప్పటి బెంగ దొంగల గురించి కాదు, అడ్రసులు అయిపోతున్నాయని. ఐపీవీ4లో ఉన్నవే సుమారు 430 కోట్ల అడ్రసులు. శాశ్వతమైన పరిష్కారం దొరికేదాకా ఒక్క అడ్రసు చాటున పదిమందిని సర్దుదామన్న తాత్కాలిక ఉపాయమది. పెళ్ళివారింట్లో గదులు చాలక వరండాలో చాపలు పరిచినట్టన్నమాట. 1996లో ఆర్ఎఫ్‌సీ 1918 వచ్చి, 10తోనూ 192.168తోనూ మొదలయ్యే అడ్రసుల్ని ఎవరింట్లో వాళ్ళు వాడుకోవచ్చని ఖాయం చేసింది. 2011 ఫిబ్రవరిలో ఐయానా దగ్గరున్న ఆఖరి బ్లాకులు కూడా పంచేశారు. పెళ్ళెప్పుడో అయిపోయింది, చాపలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆ చాపనే ఇనపతలుపంటున్నారు!

సరే, క్లౌడ్ సంగతికొద్దాం. గూగుల్ క్లౌడునే తీసుకోండి. అక్కడ నాట్ పెట్టడానికి రెండు కమాండ్లు చాలు. ఒకదానితో రీజియన్లో క్లౌడ్ రౌటర్ సృష్టించాలి. రెండోదానితో ఆ రౌటర్ కింద నాట్ తగిలించి, "బయటి ఐపీలు నువ్వే చూసుకో, సబ్‌నెట్లన్నిటికీ వర్తించు" అని చెప్పాలి. తర్వాత ఓ మెషీన్లోంచి కర్ల్ కొడితే జవాబొస్తుంది. పాఠాలన్నీ అక్కడితో శుభం కార్డు వేసేస్తాయి. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుందని ఒక్కడూ చెప్పడు.

ముందుగా ఆ రౌటర్ అనే పేరే ఓ మాయ. మీ ప్యాకెట్లు దాని గుండా వెళ్ళవు. నాట్ విషయంలో అది సెట్టింగులు దాచుకునే పెట్టె, అంతే. అడ్రసు మార్చే పని ప్రతి మెషీన్ కింద ఉన్న గూగుల్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేరే చేసేస్తుంది. దారిలో కాపలాదారు ఎవడూ లేడు. స్లైడులో బాణం మధ్య కూర్చున్న ఆ రౌటర్ బొమ్మ మన ఊహ.

మరి బయటివాళ్ళు లోపలికి రాకుండా ఆపుతున్నదెవరు? ఫైర్‌వాల్. గూగుల్ నెట్‌వర్కులో ఎవరూ రాయకుండానే రెండు రూల్స్ ఉంటాయి. లోపలికొచ్చేదంతా నిషేధం, బయటికెళ్ళేదంతా అనుమతి. మొదటిది మీ కాపలా. అది మెషీనుకి పబ్లిక్ ఐపీ ఉన్నా పనిచేస్తుంది, లేకపోయినా పనిచేస్తుంది. ప్రైవేటు ఐపీ ఉంటే బయటినుంచి నేరుగా చేరే దారి ఉండదు, నిజమే. కానీ ఆ పుణ్యం పబ్లిక్ ఐపీ ఇవ్వకపోవడంది, నాట్‌ది కాదు. పబ్లిక్ ఐపీ లేని మెషీన్ నాట్ పెట్టకముందే ఇంకా భద్రంగా ఉంది. నాట్ పెట్టి మీరు చేసిందల్లా దానికి బయటికో దారి తెరవడం!

మళ్ళీ చదవండి. నాట్ పెట్టడమంటే తలుపు తెరవడం. ముందు గుమ్మానికి తాళం అలాగే ఉంది, దొడ్డిగుమ్మం మాత్రం బార్లా తీశారు. రెండో రూలు, అదే బయటికెళ్ళేదంతా అనుమతి, ఆ గుమ్మం పక్కనే నిలబడి పోయేవాళ్ళందరికీ సలాం కొడుతుంటుంది.

దానివల్ల నష్టమేంటంటారా? 2021 డిసెంబరు గుర్తు తెచ్చుకోండి. లాగ్‌ఫోర్‌జేలో లోపం బయటపడి ప్రపంచమంతా వారాంతం నిద్ర మానుకుంది. ఆ దాడి నడిచే తీరు ఏమిటి? దొంగ నేరుగా లోపలికి రాడు. లాగులో పడేలా ఓ పదం పంపిస్తాడు. అది చదివి మీ సర్వరే బయటికెళ్ళి వాడి మెషీన్ తలుపు తట్టి, వాడిచ్చిన కోడు తెచ్చుకుని నడిపిస్తుంది. ఆ బయటికెళ్ళే పనిని మీ నాట్ ఎంతో వినయంగా చేసిపెడుతుంది, అడ్రసు కూడా మార్చి మరీ! బయటికి ఎక్కడికి వెళ్ళొచ్చో జాబితా రాసి, మిగతావన్నీ మూసేసిన చోట్ల ఆ తెచ్చుకోవడం అక్కడే ఆగిపోతుంది. ఆ జాబితా రాయడం మాత్రం ఎవరికీ ఇష్టం ఉండదు. అది రెండు కమాండ్ల పని కాదు కదా.

ఇక రెండో బాధ, పోర్టులు. క్లౌడ్ నాట్‌లో ఒక్కో బయటి ఐపీకి టీసీపీ పోర్టులు 64,512 ఉంటాయి. వాటిని మెషీన్లకి పంచుతుంది. మీరేమీ చెప్పకపోతే మామూలు పద్ధతిలో ఒక్కో మెషీనుకి 64. అక్షరాలా అరవై నాలుగు. వేర్వేరు చోట్లకి వెళ్తే అదే పోర్టుని మళ్ళీ వాడుకోవచ్చు, ఇబ్బంది లేదు. అందరూ ఒకే గమ్యానికి, అంటే ఒకే ఐపీ, ఒకే పోర్టుకి వెళ్తుంటేనే చిక్కు. పైగా కనెక్షన్ మూసేసిన తర్వాత కూడా ఆ పోర్టుని డిఫాల్టుగా 120 సెకన్లు పక్కన పెడుతుంది. లెక్క కట్టండి: 120 సెకన్లకి 64. అంటే ఒక మెషీన్ నుంచి ఒక గమ్యానికి సుమారు రెండు సెకన్లకో కొత్త కనెక్షన్. మా వీధి చివర బడ్డీకొట్టు లావాదేవీలు ఇంతకన్నా జోరుగా సాగుతాయి.

ఇది వట్టి లెక్కే అయితే నేనింత ఆవేశపడను. నేను పనిచేసిన ఒక చోట, పేరెందుకు లెండి, పండగ అమ్మకాల సమయంలో పేమెంట్లు ఆగి ఆగి ఫెయిలవడం మొదలైంది. అన్నీ టైమౌట్లే. ఆ మాడ్యూల్ రాసింది ఓ కాంట్రాక్టు అమ్మాయి. మూడు రోజులు ఆ పిల్లని కాల్లో కూర్చోబెట్టి, "నీ కోడులోనే ఏదో ఉంది, వెతుకు" అని వాయించారు. ఆమె ప్రతి పేమెంటుకీ కొత్త కనెక్షన్ తెరిచే మాట నిజమే, అది మంచి అలవాటు కాదు. కానీ అదే కోడు అంతకు ముందు ఏడాదిగా ఏ గొడవా లేకుండా నడిచింది. మారిందల్లా ఒక్కటే. రెండు వారాల క్రితం "సెక్యూరిటీ కోసం" మెషీన్ల పబ్లిక్ ఐపీలు తీసేసి నాట్ వెనక్కి తోశారు. నాట్ లాగులు మనం ఆన్ చేస్తే తప్ప రావు. అవి ఆన్ చేయండర్రా అని మొత్తుకోగా మొత్తుకోగా నాలుగో రోజు చేశారు. పది నిమిషాల్లో తేలిపోయింది, పోర్టులు చాలక ప్యాకెట్లు పారేస్తోందని. అప్పటికే ఆ అమ్మాయి కాంట్రాక్టు పొడిగించకూడదని నిర్ణయం అయిపోయింది. నాట్ పెట్టినాయనకి ఆ క్వార్టర్లో సెక్యూరిటీ అవార్డు ఇచ్చారు. ఎవరూ ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

అందుకే అంటున్నా, నాట్ పెట్టడం తెలియడం వేరు, నాట్ తెలియడం వేరు. మెషీనుకి కనీసం 1,024 పోర్టులివ్వమని చెప్పడం ఒక్క సెట్టింగు. అప్పుడు ఒక ఐపీకి 63 మెషీన్లే సరిపోతాయి కాబట్టి ఐపీలెన్ని కావాలో ముందే లెక్కేసుకోవాలి. ఆ లెక్క వేయనివాడికి ఇంకొకరి కోడు మీద వేలు చూపే హక్కు లేదు.

మూడోది, "ఐపీలు నువ్వే చూసుకో" అనడం. అవతల బ్యాంకో, ప్రభుత్వ సర్వరో మీ ఐపీని తమ జాబితాలో చేర్చుకుంటేనే మాట్లాడుతుంది. ఆటోమేటిగ్గా వచ్చిన ఐపీలు అవసరాన్నిబట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. జాబితాలో లేని కొత్త ఐపీ నుంచి వెళ్ళిన కాల్స్ మాత్రమే తిరిగొస్తాయి. కొన్ని పనిచేస్తాయి, కొన్ని చెయ్యవు, ఎందుకో ఎవడికీ అర్థం కాదు. స్టాటిక్ ఐపీలు రిజర్వు చేసుకుని వాటినే నాట్‌కి ఇవ్వండి. ఇంత చిన్న విషయం.

నాలుగోది డబ్బు. అమెజాన్ నాట్ గేట్‌వే వర్జీనియా రేటు గంటకి 0.045 డాలర్లు, దాని గుండా పోయే ప్రతి గిగాబైటుకి మరో 0.045. నెలకి 10 టెరాబైట్లు పోతే ఇంచుమించు 450 డాలర్లు, డేటా పంపినందుకు విడిగా అయ్యేది కాక. ఇందులో కొంత వాళ్ళ ఎస్3కే వెళ్తుంటుంది! దానికి గేట్‌వే ఎండ్‌పాయింట్ పెట్టుకుంటే నాట్ అక్కర్లేదు, ఆ ఎండ్‌పాయింట్ ఉచితం. సొంతింట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళడానికి టోల్ కట్టేవాణ్ణి ఏమంటారు మన ఊళ్ళో?

"అదంతా సరే గురూ, మాది చిన్న టీము, ప్రతి మెషీనుకీ పబ్లిక్ ఐపీ ఇచ్చేకన్నా ఇదే నయం కదా" అంటారు. ఒప్పుకుంటా, నయమే. ఫైర్‌వాల్లో ఎవడో ఓ రూలు తప్పు రాసినా, ప్రైవేటు ఐపీ ఉన్న మెషీన్ నేరుగా నడివీధిలో పడదు. అది చిన్న లాభం కాదు. కానీ ఆ లాభానికి నాట్ అని పేరు పెట్టి, అక్కడితో పని అయిపోయిందనుకోవడం దగ్గరే నా పేచీ. నాట్ ఇస్తుందనుకునే రక్షణంతా నాట్ లేకుండానే సాధించవచ్చని 2007లోనే ఆర్ఎఫ్‌సీ 4864 విడమర్చి చెప్పింది. 2016లో జియో వచ్చాక మనదేశంలో కోట్ల ఫోన్లు ఐపీవీ6 మీద నడుస్తున్నాయి. దానికి ఈ చాపల సర్దుబాటు అక్కర్లేదు. అప్పుడు కాపలా ఎవరిదంటే మళ్ళీ ఫైర్‌వాల్‌దే.

కాబట్టి ఈసారి ఎవరైనా ఆ స్లైడు వేస్తే తలూపకండి. నాలుగు ప్రశ్నలడగండి. అసలీ మెషీన్ బయటికెందుకు వెళ్ళాలి? వెళ్తే ఎక్కడెక్కడికి, ఆ జాబితా ఎక్కడుంది? మెషీనుకి పోర్టులెన్ని, ఆ లెక్క ఎవరు వేశారు? లాగులు ఆన్‌లో ఉన్నాయా?

జవాబు రాకపోతే ఆ రెండో కమాండ్ కొట్టనివ్వకండి. కొట్టేశాక పేజర్ మోగేది ఆయనకి కాదు, కింద కోడు రాసేవాళ్ళకి.