ప్రశ్న పెద్దది, గడువు చిన్నది

1949లో ఒక యువ రసాయనశాస్త్రజ్ఞుడు ఐరోపా నుండి స్వదేశానికి తిరిగివచ్చాడు. పంజాబులోని ఒక కుగ్రామంలో, మన కరణాన్ని పోలిన పట్వారీ ఇంట జన్మించినవాడు. లాహోరులో ఎం.ఎస్‌సి. పూర్తిచేసి, భారత ప్రభుత్వ ఉపకారవేతనంపై లివర్‌పూల్ వెళ్ళి 1948లో డాక్టరేటు సంపాదించాడు. ఆపై జ్యూరిచ్‌లో ప్రెలోగ్ వద్ద ఒక సంవత్సరం పరిశోధన చేశాడు. ఇంత యోగ్యత ఉన్నా స్వదేశంలో తగిన ఉద్యోగం దొరకలేదు. అచిరకాలంలోనే మళ్ళీ సముద్రాలు దాటి కేంబ్రిడ్జి చేరాడు. 1952లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక పరిశోధన సంస్థ ఆయనకు చోటిచ్చింది. అక్కడ పరికరాలు స్వల్పం; కాని ఏ సమస్యపై పనిచేయాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ సంపూర్ణం. జన్యుసంకేతాన్ని విడమరచినందుకు 1968లో నోబెల్ బహుమతి పంచుకొన్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఆయనే హరగోవింద్ ఖొరానా.

ఈ కథ విన్నవారు సాధారణంగా ఒక నీతి చెబుతారు: ప్రతిభ ఉంటే దారి దానంతట అదే దొరుకుతుందని. ఇది తొందరపాటు తీర్పు. దారి దొరకనివారి పేర్లు మనకు తెలియవు కనుకనే ఆ నీతి నిజమనిపిస్తుంది. ఖొరానాను నిలబెట్టినది ప్రతిభ ఒక్కటే కాదు. తగిన వయస్సులో ఎవరో ఆయనకు ఒక బల్ల, కొంత కాలం, కొంత స్వేచ్ఛ ఇచ్చారు.

నేడు మన దేశంలో శాస్త్రజ్ఞుడు కాదలచిన యువకుని మార్గం ఎట్లా ఉన్నది? ఎం.ఎస్‌సి. తరువాత జాతీయస్థాయి అర్హత పరీక్ష. అందులో నెగ్గితే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్. 2023 జనవరి నుండి ఇది నెలకు 37,000 రూపాయలు; రెండేళ్ళ తరువాత సీనియర్ ఫెలోకు 42,000. అయిదారేళ్ళకు డాక్టరేటు చేతికి వస్తుంది. ఉద్యోగం మాత్రం రాదు. ఇక్కడో విదేశంలోనో రెండు మూడేళ్ళ గడువుగల తాత్కాలిక పదవులు ఒకటి రెండు చేయవలసి ఉంటుంది. అప్పటికి వయస్సు ముప్పై దాటుతుంది. తోటి విద్యార్థులు పిల్లలను బడికి పంపుతున్న వేళ, ఇతడు మరొక దరఖాస్తు నింపుతూ ఉంటాడు. స్త్రీల విషయంలో ఈ చిక్కు ఇంకా జటిలం. వివాహం, ప్రసవం, ఫెలోషిప్పుల వయఃపరిమితి, ఈ మూడూ తరచు ఒకే కాలంలో వచ్చిపడతాయి.

జీతం తక్కువన్నది ఒక బాధ. అంతకు మించిన నష్టం మరొకటి ఉన్నది. ప్రకృతి మన గడువులను చూచి తన రహస్యాలు చెప్పదు. పెద్ద ప్రశ్నకు ఇరవై ఏళ్ళు పట్టవచ్చును. పదవికి ఆయువు రెండేళ్ళే. ఆ రెండేళ్ళలో వ్యాసం ప్రచురించనివానికి మూడవ ఏట చోటు దొరకడం కష్టం. కనుక వివేకవంతుడు సమాధానం ముందే సగం తెలిసిన చిన్న ప్రశ్నను ఎన్నుకొంటాడు. అతనిని నిందించలేము. కాని శాస్త్రం మాత్రం నష్టపోతుంది.

చిదంబరంలో జన్మించిన వెంకటరామన్ రామకృష్ణన్ 1976లో అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. ఆ వెంటనే మనసు జీవశాస్త్రంపైకి మళ్ళి, మళ్ళీ విద్యార్థిగా చేరాడు. తరువాత యేల్‌లో, జీవకణంలో ప్రోటీనులను నిర్మించే రైబోజోముపై పని ప్రారంభించాడు. సుమారు యాభై విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టుకొన్నా అధ్యాపక పదవి లభించలేదు. చివరకు 1983లో బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల ఆశ్రయమిచ్చింది. నలభయ్యో పడికి చేరువలో, సెలవు తీసుకొని కేంబ్రిడ్జి వెళ్ళి స్ఫటిక నిర్మాణశాస్త్రం కొత్తగా నేర్చుకొన్నాడు. 1999లో జీతం తగ్గినా సరే, దీర్ఘకాలిక సమస్యలకు ఓపికగా ధనసహాయం చేసే కేంబ్రిడ్జి ప్రయోగశాలకే మారాడు. రైబోజోములోని చిన్న భాగం నిర్మాణం 2000లో వెల్లడయింది. నోబెల్ 2009లో వచ్చింది. యేల్ నాటి ప్రశ్నకు ఇరవై ఏళ్ళు పైగా పట్టిందన్నమాట.

అట్టి ఓపిక కరవైతే ఏమవుతుందో హంగెరీ శాస్త్రజ్ఞురాలు కాటలిన్ కారికో జీవితం చెబుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏతో చికిత్స చేయవచ్చునని ఆమె నమ్మింది. ఆ పనికి గ్రాంట్లు రాలేదు. 1995లో ఆమె పనిచేసే విశ్వవిద్యాలయం హోదాను తగ్గించింది. ఆమె పని మానలేదు. 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి ప్రచురించిన ఫలితమే కోవిడ్ టీకాలకు పునాది అయింది. 2023లో నోబెల్ లభించింది. ఆమె పట్టుదలను మెచ్చుకోవలసిందే. కాని ప్రతి యువ శాస్త్రజ్ఞుడూ అంతటి అవమానాన్ని దిగమింగాలని కోరే వ్యవస్థ మెచ్చదగినది కాదు.

ఈ దారిన నడవదలచినవారు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. సంస్థ పేరుకంటె మార్గదర్శకుని స్వభావం ముఖ్యం; ఆయన పూర్వ శిష్యులు నేడెక్కడ ఉన్నారో విచారించాలి. చేతిలో ఒక పెద్ద ప్రశ్నతోపాటు, రెండేళ్ళలో తేలే చిన్న ప్రశ్న ఒకటి ఉంచుకోవాలి. కొత్త పద్ధతి నేర్వడానికి వయస్సు మించిందని భావించరాదు.

పెద్దల బాధ్యత ఇంకా సులువైనది. ఫెలోషిప్పు సొమ్ము నెలనెలా సకాలంలో అందించడానికి మేధాశక్తితో పనిలేదు. డాక్టరేటు తరువాతి పదవికి రెండేళ్ళకు బదులు అయిదేళ్ళు గడువు ఇస్తే ఖజానా ఖాళీ కాదు. మామిడి మొక్క నాటినవాడు మరుసటి ఏడే కాయలు రాలేదని దానిని పెరికివేయడు. విత్తనంపై మనకు గల ఆ నమ్మకం, యువ శాస్త్రజ్ఞునిపై కూడ ఉంచవచ్చును.