బస్సు ఆగింది... మనిషి ఆగలేదు!

కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సు. అడ్డంగా గేదె రావడంతో డ్రైవరు సడెన్‌ బ్రేకు వేశాడు. నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలారు. వాళ్లను వెనక నుంచి ఎవరు తోశారు? ఎవరూ తోయలేదు. బస్సు ఆగింది గానీ వాళ్ల ఒళ్లు ఇంకా బస్సు వేగంతోనే పోతోంది, అంతే.

నమ్మకం కుదరకపోతే గ్లాసు మీద ఒక పోస్టుకార్డు, దానిపై రూపాయి బిళ్ల పెట్టి, కార్డును చూపుడువేలితో ఠక్కున కొట్టి చూడండి. కార్డు ఎగిరిపోతుంది, బిళ్ల గ్లాసులో పడుతుంది. ఆగి ఉన్నది ఆగే ఉండాలని చూస్తుంది. కదిలేది అదే వేగంతో, అదే దిక్కుగా పోవాలని చూస్తుంది. ఇదే జడత్వం.

మరి దొర్లించిన గోళీ కాసేపటికి ఆగిపోతుందేం? నేల రాపిడి దాన్ని ఆపుతుంది. మట్టిలో నాలుగడుగులు పోయే గోళీ నున్నటి గచ్చు మీద గది చివరిదాకా పోతుంది. రాపిడి కంటికి కనపడదు కాబట్టి, తోస్తూ ఉంటేనే ఏ వస్తువైనా కదులుతుందని శతాబ్దాల తరబడి పండితులే నమ్మారు. గెలీలియో వాలు పలకలపై గుండ్లు దొర్లించి ఆ నమ్మకాన్ని కుదిపాడు. న్యూటన్‌ 1687లో ‘ప్రిన్సిపియా’లో దాన్ని మొదటి సూత్రంగా రాశాడు. పిల్లలకైతే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. పెద్దలకు మాత్రం అంత చిన్న విషయం కాదు.

కారు ముందు సీట్లో తల్లి ఒడిలో బిడ్డ. ‘‘గట్టిగా పట్టుకున్నాలే’’ అంటుంది తల్లి. బిడ్డ బరువు 15 కిలోలు, కారు వేగం గంటకు 40 కిలోమీటర్లు, అంటే సెకనుకు 11 మీటర్లు. కారు దేన్నో గుద్ది సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి. ఆ బిడ్డను ఆపాలంటే సుమారు 170 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు ఏడు! పైగా బెల్టు లేకపోతే తల్లీ అదే వేగంతో ముందుకు పోతుంటుంది. ఆమె ప్రేమలో లోటేమీ లేదు, చేతులకే అంత బలం ఉండదు.

ఆ బలాన్ని భుజం, ఛాతీ, నడుము ఎముకల మీదుగా పంచడానికే సీటుబెల్టు. మూడుచోట్ల బిగించే బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజినీరు నీల్స్‌ బోలిన్‌ రూపొందించాడు. అది పెద్దల కొలతలకు చేసింది. చిన్నపిల్లలకు ఆ బెల్టు మెడ మీదికి వస్తుంది. అందుకే వాళ్లకు వేరే సీటు కావాలి, దాన్ని కారు వెనక భాగంలోనే బిగించాలి. బిడ్డ ఏడిస్తే కారు పక్కకు ఆపి ఎత్తుకోవచ్చు.