ఇంటి పన్ను మాఫీ: లాభం ఎవరికి, కోత ఎవరికి?

2025 ఫిబ్రవరి నెలాఖరు. మెట్ల దగ్గర మా ఓనర్ అంకుల్ ఎదురై "హౌస్ టాక్స్ మాఫ్ హో గయా, బేటా" అన్నారు. ఢిల్లీ నగరపాలక సంస్థలో అప్పుడు అధికారంలో ఉన్న ఆప్ చేసిన ప్రకటన అది. 100 చదరపు గజాల లోపు ఇళ్లకు పూర్తి మాఫీ, 100 నుంచి 500 గజాల ఇళ్లకు సగం. "మరి మా అద్దె తగ్గుతుందా అంకుల్?" అన్నాను. నవ్వి వెళ్లిపోయారు.

మిత్రులారా, నా వాదన ఒక్కటే. పన్ను తగ్గిస్తామనే పాలకుడు ఏ ఖర్చు తగ్గిస్తాడో కూడా అదే రోజు చెప్పాలి. చెప్పకపోతే అది ఉపశమనం కాదు, ఓట్ల బేరం.

ముందు చట్టం

పన్నులు వేసే అధికారాన్ని రాష్ట్ర శాసనసభ మున్సిపాలిటీలకు ఇవ్వవచ్చని 243-ఎక్స్ అధికరణ చెబుతుంది. పంచాయతీల 11వ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య స్పష్టంగా ఉంది. మున్సిపాలిటీల 12వ షెడ్యూలులో ఉన్నది 'సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం' మాత్రమే. అయితే ఢిల్లీలో 1957 నాటి మున్సిపల్ చట్టం ప్రాథమిక విద్యను కార్పొరేషన్ తప్పనిసరి విధుల్లో చేర్చింది. 5వ తరగతి వరకు చదువు చెప్పే పదిహేను వందలకు పైగా బడులు దాని చేతిలో ఉన్నాయి. సొంత ఆదాయంలో ముఖ్యమైనది ఆస్తి పన్ను. ఇక లెక్క మీరే వేసుకోండి.

మన దగ్గరా ఇదే కథ

2016 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల ముందు, ఏటా 1,200 రూపాయల లోపు పన్ను కట్టే ఇళ్లకు దాన్ని 101 రూపాయలకు తగ్గించారు. 2020 డిసెంబర్ 1న మళ్లీ పోలింగ్. నవంబర్‌లోనే 15,000 లోపు పన్నుకు సగం రాయితీ! తెలుగు రాష్ట్రాల్లో 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్. పన్ను తగ్గితే సెస్సూ తగ్గుతుంది. మనలో ఎంతమంది జిల్లా గ్రంథాలయం బల్ల మీద గ్రూప్-2 చదివి ఇక్కడిదాకా వచ్చాం? ఆ బల్లకు డబ్బు వచ్చేది అక్కడినుంచే.

ప్రతివాదనలు

"పేద యజమానుల మాటేమిటి?" న్యాయమైన ప్రశ్నే. వృద్ధులకు, మహిళలకు, దివ్యాంగులకు, మాజీ సైనికులకు 200 చదరపు మీటర్ల వరకు 30 శాతం రాయితీ ఢిల్లీలో ముందే ఉంది. కావాలంటే దాన్ని పెంచండి. ఢిల్లీలో 500 గజాల ఇల్లున్నవాడు మాత్రం పేదవాడు కాదు.

"డబ్బిచ్చినా బడులు బాగుపడవు" అంటారు. 2024 ఏప్రిల్‌లో కార్పొరేషన్ బడి పిల్లలకు పుస్తకాలు అందలేదని హైకోర్టు మందలించింది. అక్కడ అడ్డుపడింది స్టాండింగ్ కమిటీ ఏర్పడకపోవడం. అంటే జవాబుదారీతనం కావాలి. దానికి మందు మాఫీ కాదు.

"అమెరికాలోలా ప్రజాభిప్రాయ సేకరణ పెట్టొచ్చుగా?" విస్కాన్సిన్‌లో ఆదాయ పరిమితి దాటాలంటే స్కూల్ డిస్ట్రిక్ట్ ఓటర్ల అనుమతి అడగాలి. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లే ప్రతిపాదన 13తో ఆస్తి పన్నును 1 శాతానికి కట్టేశారు, బడుల భారం రాష్ట్రం మీద పడింది. ఢిల్లీలో ఇంకో చిక్కుంది. వలస కూలీ పిల్లలు ఇక్కడి బడిలో, ఓటు ఊళ్లో. మన ఓటూ అంతే కదా! బడి అవసరమైనవాడికే ఓటు లేని చోట అది ఇళ్లున్నవాళ్ల అభిప్రాయ సేకరణ అవుతుంది.

2025 జూన్‌లో వచ్చిన 'సునియో' పథకం ఇంకో రకం. ఆ ఏడాది పన్ను, అంతకుముందు ఐదేళ్ల అసలు కడితే పాత బకాయిలు, వడ్డీ, జరిమానా మాఫీ. ఏటా వేళకు కట్టినవాడికి దక్కిందేమిటి? వెర్రివాడన్న పేరు.

ఏం చేయాలి?

ఒకటి, రాయితీ ఆదాయాన్ని చూసి ఇవ్వాలి, గజాలను చూసి కాదు. రెండు, పన్ను బిల్లు మీదే బడికి ఎంత, చెత్తకు ఎంత, లైబ్రరీకి ఎంత అని అచ్చు వేయాలి. మూడు, మాఫీ ఇచ్చిన ప్రభుత్వమే ఆ లోటును కార్పొరేషన్‌కు భర్తీ చేయాలి. పట్టణ గ్రాంట్లు కావాలంటే కనీస పన్ను రేట్లు నోటిఫై చేయాలని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది ఊరికే కాదు.

రేపు మనలో ఒకరు మున్సిపల్ కమిషనర్ కావచ్చు. మాఫీ ఫైలు బల్ల మీదకు వచ్చినప్పుడు 'ఏ బడి నుంచి?' అని నోట్ రాయగలమా?

సాధన ప్రశ్న: "ఆస్తి పన్ను మాఫీలు స్థానిక స్వపరిపాలనను బలహీనపరుస్తాయి." విమర్శనాత్మకంగా చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు.