మస్టర్ రోల్‌లో లేని పేర్లు

రాయపూర్ దాటి బిలాస్‌పూర్ రోడ్డెక్కితే కాసేపటికే గాలి మారిపోతుంది. సిల్తరా నుంచి ధర్సీవా దాకా రోడ్డుకు అటూ ఇటూ స్పాంజ్ ఐరన్ కొలిమిలు, రోలింగ్ మిల్లులు, పెల్లెట్ ప్లాంట్లు. డాబాల మీద ఆరేసిన బట్టల మీదా, చెరువు నీళ్ల మీదా నల్లటి పొడి పేరుకుంటుంది. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడ్డాక ఈ బ్లాకులో వరి పొలాల మధ్య కొలిమిలు వేగంగా లేచాయి. అక్కడ పనిచేసేవాళ్లు చుట్టుపక్కల పల్లెల నుంచీ, బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచీ వస్తారు.

2025 సెప్టెంబరు 26న సిల్తరాలోని ఒక పెల్లెట్ ప్లాంటులో మరమ్మతు జరుగుతుండగా లోపల పేరుకుపోయి ఉన్న వేడి పదార్థం విరిగి మనుషుల మీద పడింది. ఆరుగురు చనిపోయారు. మరికొందరు గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు.

దానికి సరిగ్గా 46 రోజుల ముందు, ఆగస్టు 11న, అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గరి క్లెయిర్‌టన్‌లో యూఎస్ స్టీల్ కంపెనీ కోక్ ప్లాంటు పేలింది. ఇద్దరు కార్మికులు చనిపోయారు. పిట్స్‌బర్గ్ అంటే తెలుగు ఇళ్లలో ముందు గుర్తొచ్చేది 1970లలో కొండమీద వెలసిన వెంకటేశ్వర స్వామి గుడి. అమెరికా వెళ్లిన ప్రతి తల్లీ తండ్రీ చూసి వచ్చే ఆ గుడికి కొద్ది దూరంలోనే మొనాంగహీలా నది ఒడ్డున ఉక్కు కార్మికుల ఊళ్లున్నాయి. మన వాళ్ల ఫొటోల్లో ఆ ఊళ్లు కనిపించవు.

క్లెయిర్‌టన్‌లో యూనియన్ ఉన్నా ఇద్దరు పోయారు. ఆ మాట దాచి యూనియన్ గొప్ప చెప్పడం అన్యాయం. అయితే ప్రమాదం జరిగిన రోజునే యునైటెడ్ స్టీల్‌వర్కర్స్ ప్రతినిధులు ప్లాంటు దగ్గరున్నారు. దర్యాప్తు సవ్యంగా జరిగేలా చూస్తామని బహిరంగంగా ప్రకటించారు. రసాయన ప్రమాదాలను పరిశోధించే ఫెడరల్ సంస్థ రంగంలోకి దిగింది. ఏ వాల్వు దగ్గర ఏ పని జరుగుతుండగా గ్యాస్ బయటికి వచ్చిందో ఆ సంస్థ బయటపెట్టింది. అక్కడి కార్మికుడు తనకు తెలిసింది చెబితే రేపు గేటు దగ్గర ఆపేస్తారన్న భయం తక్కువ. ఆ భయం లేకుండా చేసింది దశాబ్దాల పోరాటంతో రాయించుకున్న ఒప్పందం.

సిల్తరా లాంటి చోట మాట్లాడేవాడు ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు కార్మికుడి జేబులోని గేట్ పాస్‌లోనే ఉంది. దాని మీద చాలాసార్లు ఫ్యాక్టరీ పేరు కంటే ముందు ఠేకేదార్ (కాంట్రాక్టరు) పేరు ఉంటుంది. జీతం ఇచ్చేది ఠేకేదార్. హాజరు వేసేది అతని సూపర్‌వైజరు. పి.ఎఫ్. డబ్బు కట్టాల్సిందీ అతనే, ఈఎస్‌ఐ కార్డు ఇప్పించాల్సిందీ అతనే. ఏడాదికో రెండేళ్లకో ఠేకా (కాంట్రాక్టు) మరొకరి చేతికి పోతుంది. కొలిమి అదే, మనిషి అదే, చేసే పని అదే. కాగితాల్లో మాత్రం అతను మళ్లీ కొత్తగా చేరిన వాడవుతాడు. పదేళ్లు ఒకే కొలిమి ముందు చెమటోడ్చినవాడికి కూడా గ్రాట్యుటీకి కావలసిన అయిదేళ్ల సర్వీసు పూర్తయినట్టు కాగితం ఉండదు. ఏళ్ల తరబడి గ్రాట్యుటీ ఎగ్గొట్టడానికి ఈ ఒక్క కిటుకు సరిపోయింది.

నైపుణ్యం అక్కర్లేని పనికి ఛత్తీస్‌గఢ్‌లో కనీస వేతనం నెలకు 11 వేల రూపాయల చుట్టూ తిరుగుతోంది. దాంతో గది అద్దె, ఊళ్లో ముసలివాళ్లకు పంపే డబ్బు, పిల్లల చదువు గడవవు. అందుకే చిన్న మిల్లుల్లో పన్నెండు గంటల డ్యూటీ మామూలైపోయింది. కార్మికుడే అడిగి మరీ చేస్తున్నాడని యజమానులు అంటారు. ఎనిమిది గంటల జీతంతో ఇల్లు గడిచేలా ఉంటే ఆ నాలుగు గంటలు ఎవడూ అడిగి చేయడు.

ఒకే గేటు, రెండు రకాల కార్మికులు: పర్మినెంటు, ఠేకా. ఈ నేల మీద సమ్మెలు పుట్టింది ఈ తేడా నుంచే. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్ ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలు మార్గం పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు ఎందరో భిలాయ్ చేరారు. క్వార్టరు, స్కూలు, ఆసుపత్రి, పెన్షను వచ్చాయి. పల్లెలో పాలికాపు కొడుకు సెక్టారులో ఇంజనీరు తండ్రి అయ్యాడు. సరిగ్గా ఆ 1959లోనే అమెరికాలో అయిదు లక్షల మంది ఉక్కు కార్మికులు 116 రోజులు సమ్మె చేశారు. పనివాళ్ల సంఖ్యనూ పని పద్ధతులనూ యాజమాన్యం ఇష్టం వచ్చినట్టు మార్చకూడదన్నది అందులో ప్రధాన వివాదం. అటు పిట్స్‌బర్గ్‌లోనూ ఇటు భిలాయ్‌లోనూ ఆ తరం ఉక్కు కార్మికుడు ఒక్క జీతంతో ఇల్లు నిలబెట్టాడు.

ఆ భిలాయ్‌కి ఇనుప ఖనిజం పంపిన దల్లీ రాజ్‌హరా గనుల్లో కథ వేరు. అక్కడ చేత్తో రాయి కొట్టి లారీలకు ఎత్తినవాళ్లు ఠేకా కూలీలు, వాళ్లలో ఎక్కువమంది ఆదివాసులు, అందులో ఆడవాళ్లు వేల సంఖ్యలో. 1977లో గుర్తింపు పొందిన సంఘాలు బోనస్ ఒప్పందం మీద సంతకం చేశాయి. పర్మినెంటు కార్మికులకు 308 రూపాయలు, ఠేకా కూలీలకు 70. ఖనిజం ఒకటే, ఎండ ఒకటే. కూలీలు ఆ సంఘాల జెండాలు దించేసి మైదానంలో కూర్చున్నారు. ఎమర్జెన్సీ జైలు నుంచి అప్పుడే విడుదలైన కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగి దగ్గరికి వెళ్లారు. ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ అలా పుట్టింది. జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. అయినా కూలీలు వెనక్కి తగ్గలేదు, సమ్మె కొనసాగించి గెలిచారు.

ఆ సంఘం కూలి పెంచడంతో ఆగలేదు. పెరిగిన కూలి సారా దుకాణం పాలు కాకుండా మద్యం మాన్పించే ఉద్యమం నడిపింది. బడులు పెట్టింది. కాల్పుల్లో పోయినవాళ్ల పేరిట 1983 జూన్ 3న శహీద్ ఆసుపత్రి తెరిచింది. కార్మికులు చందాలు వేసుకుని, డ్యూటీ దిగాక ఇటుకలు మోసి కట్టుకున్న ఆసుపత్రి అది. చదువు లేని గని కూలీలకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. ఈ దేశంలో కార్మిక సంఘం అంటే జీతాల బేరం, బంద్ పిలుపు అనుకునేవాళ్లు ఒక్కసారి దల్లీ రాజ్‌హరా చరిత్ర చదవాలి.

1990లో నియోగి భిలాయ్ ప్రైవేటు ఫ్యాక్టరీల వైపు తిరిగారు. ఆ ఉద్యమం కుమ్హారీ, టెడేసరాలతో పాటు ధర్సీవా పొరుగున ఉన్న ఉర్లా పారిశ్రామిక వాడకూ పాకింది. అడిగినవి పెద్ద కోరికలు కావు: బతకదగిన వేతనం, ఉద్యోగ భద్రత, సంఘం పెట్టుకునే హక్కు. నాలుగు వేలకు పైగా కార్మికులను పనుల్లోంచి తీసేశారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయ్‌లోని ఇంట్లో నిద్రలో ఉన్న నియోగిని కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు చనిపోయారు. హత్య కేసులో 1997లో సెషన్స్ కోర్టు ఇద్దరు పారిశ్రామికవేత్తలు సహా పలువురికి శిక్ష వేసింది. 1998లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్చినవాడికి మాత్రం యావజ్జీవం ఖరారు చేసింది.

ఆ తర్వాత కూడా ఠేకా పెరుగుతూనే వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు భిలాయ్ యజమాని అయిన సెయిల్ కేసులోనే తీర్పు చెప్పింది: ఒక పనిలో కాంట్రాక్టు విధానాన్ని ప్రభుత్వం రద్దు చేసినా, ఆ కార్మికులు ఆటోమేటిక్‌గా పర్మినెంటు కారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ భిలాయ్‌లో ఏళ్ల తరబడి తిరిగి 2020లో ఒక పెద్ద పుస్తకం రాశారు. పర్మినెంటు, ఠేకా కార్మికులు ఇప్పుడు రెండు వేర్వేరు వర్గాలుగా విడిపోయారన్నది ఆయన నిర్ధారణ. ఇళ్లు వేరు, పెళ్లి సంబంధాలు వేరు, పిల్లల భవిష్యత్తు వేరు. పర్మినెంటువాళ్ల సంఖ్య మాత్రం ఒకప్పటి దానిలో చిన్న భాగానికి తగ్గిపోయింది. పక్కవాడి 70 రూపాయలను పట్టించుకోకపోతే తన 308 కూడా నిలవదని అక్కడి పెద్ద సంఘాలు ఆలస్యంగా తెలుసుకున్నాయి.

ఇదే పాఠం అమెరికా కార్ల కార్మికులూ నేర్చుకున్నారు. 1950ల మధ్యలో ఆ దేశంలో ప్రతి ముగ్గురు కార్మికుల్లో ఒకరు యూనియన్ సభ్యులు. 2024 నాటికి అది 9.9 శాతం, ప్రైవేటు రంగంలో 5.9 శాతం. ఫెడరల్ కనీస వేతనం 2009 జూలై నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. యూనియన్ ఉన్న కార్మికుడి మధ్యస్థ వారపు సంపాదన 1,337 డాలర్లయితే, లేనివాడిది 1,138. వారానికి దాదాపు 200 డాలర్ల తేడా అంటే అక్కడి ఇంట్లో కారు వాయిదా కట్టడమో, డాక్టరు దగ్గరికి వెళ్లడమో. అటువంటి చోట 2007లో కార్ల కార్మికుల సంఘమే కష్టకాలం పేరుతో కొత్తగా చేరేవాళ్లకు తక్కువ జీతం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒకే లైను మీద రెండు జీతాలు. ఆ తర్వాత పదిహేనేళ్లు యూనియన్ లోపలే పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ పడలేదు. 2023 సెప్టెంబరు 15న యూనియన్ నేత షాన్ ఫెయిన్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో 25 శాతం పెంపు సాధించారని మన పేపర్లు రాశాయి. దానికంటే విలువైనవి మరో రెండు: పై స్థాయి జీతం అందుకోవడానికి పట్టే కాలం ఎనిమిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది, తాత్కాలిక కార్మికులకు పర్మినెంటు దారి తెరుచుకుంది. అందరి కంటే అడుగున ఉన్నవాళ్ల సమస్యను ముందు పెట్టిన సమ్మె అది. గెలవడానికి అది ఒక ముఖ్య కారణం.

ఇక్కడ చూస్తే 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. నియామక పత్రం తప్పనిసరి చేయడం, నిర్ణీత కాలానికి చేరినవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వడం మంచివే. కానీ కాంట్రాక్టు కార్మికులకు సంబంధించిన నిబంధనలు ఇంతకు ముందు 20 మంది ఉన్న చోట వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉంటేనే వర్తిస్తాయి. మూడు వందల లోపు కార్మికులున్న ఫ్యాక్టరీ మూసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. అంతకు మించిన చిక్కు ఒకటుంది, దాని గురించి చర్చే లేదు. యాజమాన్యంతో బేరమాడే హక్కు ఆ సంస్థ మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికి దక్కుతుంది. ఠేకా కార్మికుడి పేరు ఉండేది ఠేకేదార్ మస్టర్‌లో. కొలిమి దగ్గర నిలబడేవాళ్లలో ఎక్కువమంది ఆ లెక్కలోకే రాకపోతే, బేరం ఎవరి కోసం జరుగుతుంది?

అమెరికాలోనూ ఇదే పేచీ. ఏజెన్సీ ద్వారా వచ్చిన కార్మికుడికి అసలు కంపెనీ కూడా యజమానేనని చెప్పే నియమాన్ని అక్కడి లేబర్ బోర్డు 2023లో తెస్తే, 2024 మార్చిలో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. దేశం ఏదైనా, కార్మికుడికీ లాభం పొందేవాడికీ మధ్య ఒక మనిషిని నిలబెడితే యూనియన్‌కు బేరమాడడానికి ఎదుట మనిషి దొరకడు.

ఇదంతా ఎక్కడో ఛత్తీస్‌గఢ్ సంగతి అని తెలుగు పాఠకులు పక్కన పెట్టలేరు. 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలుడులో 54 మంది చనిపోయారు. లోపల ఎంతమంది ఉన్నారో, ఎవరి ఆచూకీ తెలియడం లేదో తేల్చడానికే రోజులు పట్టింది. 32 మంది ప్రాణత్యాగంతో వచ్చిన విశాఖ ఉక్కులో నష్టాల పేరు చెప్పి మొదట బయటికి పంపింది కాంట్రాక్టు కార్మికులనే. ధర్సీవా పొరుగున మాంఢర్‌లో 1970లో మొదలై మూతపడ్డ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీకి ఆదిలాబాద్‌లో ఒక తోబుట్టువు ఉంది. దాన్ని తెరిపించమని ఆదిలాబాద్ జనం ఇప్పటికీ అడుగుతున్నారు. పర్మినెంటు ఉద్యోగం పోతే ఊరి బజారు ఎలా వెలవెలబోతుందో వాళ్లకు తెలిసినంతగా ఆర్థికవేత్తలకు తెలియదు.

కార్మిక అంశం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది. ఆ వెసులుబాటు వాడుకునే 2025లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో రోజువారీ పని గంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచింది. తెలంగాణ కూడా దుకాణాలు మినహా వాణిజ్య సంస్థలకు పది గంటల వెసులుబాటిచ్చింది. పెట్టుబడి కోసం చట్టం మార్చగలిగిన అసెంబ్లీలు కార్మికుడి కోసం కూడా మార్చగలవు. చేయాల్సింది మూడు మాటల్లో చెప్పవచ్చు. బేరమాడే సంఘాన్ని తేల్చే లెక్కలో ఆ గేటు లోపల పనిచేసే ప్రతి మనిషినీ కలపాలి. ఒకే పనికి ఒకే వేతనం అని పాత కాంట్రాక్టు నిబంధనల్లో ఉన్న హామీని ఎక్కడా సడలించకుండా, లేబర్ అధికారులు ఫ్యాక్టరీకి వెళ్లి తనిఖీ చేయాలి. ఠేకా మారినా కార్మికుడి సర్వీసు తెగకూడదు, దానికి ఫ్యాక్టరీ యజమానే పూచీ పడాలి. ఇందులో ఏదీ పరిశ్రమను మూయించదు. భిలాయ్ కర్మాగారం మొదటి నలభై ఏళ్లు ఎక్కువగా పర్మినెంటు ఉద్యోగాల మీదే నడిచింది.

కొత్త కోడ్‌ల కింద నియమాలు రాసే పని ఇప్పుడు రాయపూర్, అమరావతి, హైదరాబాద్ సచివాలయాలదే. ఆ ముసాయిదాల మీద పారిశ్రామిక సంఘాలు లాయర్లతో అభ్యంతరాలు రాయిస్తున్నాయి. సిల్తరా ఠేకా కార్మికుల తరఫున, పాశమైలారం కార్మికుల తరఫున ఆ పని చేయాల్సింది సభ్యుల చందాలతో నడిచే పెద్ద కేంద్ర సంఘాలు. అభ్యంతరాలకు గడువు దాటకముందే అవి తమ పర్మినెంటు సభ్యుల సమావేశాల్లో ఈ విషయాన్ని మొదటి అంశంగా పెట్టాలి.