మూడింటిలో మొదటిది ఈత

విద్యార్థులారా! తెల్లవారుజామున తిరుపతిలో అలిపిరి వైపో, చంద్రగిరి రోడ్డు మీదో మీరెప్పుడైనా నడచి ఉంటే వీళ్లను చూసే ఉంటారు. సన్నని చక్రాల సైకిళ్ల మీద ముందుకు వంగి దూసుకుపోయేవారు కొందరు. చేతి గడియారం చూసుకుంటూ పరిగెత్తేవారు కొందరు. వీళ్లకు ఆట జీవనాధారం కాదు. బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, కాలేజీ అధ్యాపకులు, అంగళ్లు నడుపుకొనేవారు. ఎనిమిదింటికి ఇల్లు చేరి స్నానం చేసి ఎవరి పనికి వారు పోతారు. ఎప్పుడో ఒకసారి సెలవు పెట్టి ఏ బెంగుళూరుకో, చెన్నైకో, హైదరాబాదుకో వెళ్లి అక్కడి పందెంలో పాల్గొంటారు. గెలవాలని కాదు, చివరిదాకా నిలవాలని.

ఆ పందేల పేర్లు కొంచెం నోరు తిరగనివి. గ్రీకు భాషలో 'అథ్లాన్' అంటే పందెం, బహుమతి అని అర్థాలు. ఈత, సైకిలు, పరుగు ఈ మూడింటినీ మధ్యలో విశ్రాంతి లేకుండా వరసగా చేస్తే ట్రయథ్లాన్. ఒలింపిక్సులో 2000 సంవత్సరం సిడ్నీలో ఇది మొదటిసారి చేరింది. దాని కొలతలు 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిలు, 10 కి.మీ. పరుగు. ఇందులోంచి ఈతను తీసేసి, పరుగు, సైకిలు, మళ్లీ పరుగు అని పెడితే అది డ్యుయథ్లాన్.

నాకు తెలిసిన మన ప్రాంతపు ఔత్సాహికుల్లో ఎక్కువమంది ఈ రెండోదానికే వెళతారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "ఈత రాదు సార్." నలభై ఐదేళ్ల మనిషి, వంద కిలోమీటర్లు సైకిలు తొక్కగల మనిషి, అరమైలు చెరువు ముందు నిలబడి చేతులెత్తేస్తున్నాడు. ఆయన పందెం సంగతి ఆయన చూసుకుంటాడు. నాకు దిగులు కలిగించేది మీ సంగతి. మీ తరగతిలోనూ చాలామంది ఇదే మాట చెబుతారని నాకు తెలుసు.

మన కాళ్లలో బలం లేదని కాదు. ఒక లెక్క వేద్దాం. అలిపిరి నడకదారిలో 3,550 మెట్లున్నాయి. దూరం సుమారు 9 కి.మీ. కింది నుంచి కొండ మీదికి ఎత్తు 700 మీటర్లు అనుకుందాం. మీ బరువు 50 కిలోలు. ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదివిన సూత్రమే: పని అంటే ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం. 50ని 9.8తో, 700తో హెచ్చిస్తే 3,43,000 జౌళ్లు. అంటే దాదాపు 82 కిలో కెలోరీలు. ఇంతేనా అనకండి. మన కండరాలు తిండిలోని శక్తిలో ఎక్కువలో ఎక్కువ నాలుగో వంతునే పనిగా మార్చగలవు. కాబట్టి ఖర్చయ్యేది దాదాపు 330 కిలో కెలోరీలు, అందులో సుమారు 250 వేడిగా మిగులుతుంది. ఆ వేడిని బయటికి పంపేది చెమట. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 0.58 కిలో కెలోరీ వేడి పోతుంది. భాగించి చూడండి, 430 గ్రాములు వస్తుంది. దాదాపు అరలీటరు చెమట! అదీ ఒళ్లును పైకెత్తిన పనికి మాత్రమే. కారిపోయిన చొక్కా తడి లెక్కలో లేదు, ఎందుకంటే కారిపోయిన చెమట చల్లబరచదు, ఆవిరైన చెమటే చల్లబరుస్తుంది.

ఈ పని ఏ శిక్షణా లేని ముసలమ్మలు కూడా గోవిందనామం చెప్పుకుంటూ చేస్తున్నారు. పతకాలు లేవు గాని, ఇది ఓర్పు క్రీడ కాదని ఎవరనగలరు? శ్రీవారి మెట్టు దారి ఇంకా నిట్రమైనది. 2,388 మెట్లు రెండు కిలోమీటర్ల చిల్లరలోనే ఎక్కిస్తాయి. పరుగు, సైకిలు మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. పల్లెల్లో బడికి సైకిలు మీద వచ్చే ఆడపిల్లలను అడగండి.

నీళ్లలో లెక్క మారిపోతుంది. నీటి సాంద్రత గాలి సాంద్రతకు సుమారు 800 రెట్లు. ఎంత తోసినా నీరు ఎదురుతోస్తుంది. ఒక కిలోమీటరు ఈదడానికయ్యే శక్తితో ఇంచుమించు నాలుగు కిలోమీటర్లు పరిగెత్తవచ్చు. కొత్తగా ఈదేవాడికైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాడు నీళ్లను వెనక్కి తోయడానికి బదులు నాలుగు వైపులా చిమ్ముతాడు. పైగా నేల మీద అలసిపోతే కూర్చోవచ్చు. సైకిలు తొక్కలేకపోతే దిగి నడిపించుకొని పోవచ్చు. నీళ్లలో కూర్చోవడానికి చోటేదీ?

చోటుంది, అది మన ఊపిరితిత్తుల్లోనే ఉంది. ఇదే చాలామందికి తెలియని సంగతి. మనిషి సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గర. నిండా గాలి పీల్చుకుంటే నీటికంటే కాస్త తక్కువ, పూర్తిగా వదిలేస్తే కాస్త ఎక్కువ. గట్టిగా పీల్చిన రెండు మూడు లీటర్ల గాలి, ఆర్కిమెడీసు చెప్పినట్లు, రెండు మూడు కిలోల ఉత్ప్లవన బలాన్ని కొత్తగా ఇస్తుంది. ఐతే తల ఒక్కటే నాలుగైదు కిలోలుంటుంది. భయపడినవాడు ఏం చేస్తాడు? తలనూ చేతులనూ నీళ్ల పైకి ఎత్తుతాడు. పైకెత్తిన భాగానికి నీటి ఆసరా పోతుంది, ఆ బరువంతా కింది భాగాన్ని ముంచుతుంది. కేక వేస్తే గాలి బయటికి పోయి సాంద్రత పెరుగుతుంది. అంటే భయమే మనిషిని బరువెక్కిస్తోందన్నమాట! వెల్లకిలా పడుకొని, చెవులు మునిగేదాకా తల వెనక్కి వాల్చి, ముఖం మాత్రం బయట ఉంచి, గాలి నిండా పట్టుకుంటే తేలతాము. ఈతలో మొదటి పాఠం చేతులు కొట్టడం కాదు, ఇది.

ఇక పందేల చరిత్రలోకి వస్తే, మన వాదానికి పనికివచ్చేది ఒకటుంది. 1974 సెప్టెంబరు 25న అమెరికాలో శాండియాగో దగ్గరి మిషన్ బే అనే చోట ట్రయథ్లాన్ అన్న పేరుతో జరిగిన పోటీ పరుగుతో మొదలైంది. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లో జరిగిన మొదటి 'ఐరన్‌మ్యాన్' మాత్రం ఈతతో మొదలైంది. దానికి ఆలోచన ఇచ్చినవాడు జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి. ఈతగాడు, సైకిలువాడు, పరుగువాడు, ఈ ముగ్గురిలో ఎవరు గట్టివాడన్న వాదులాటను తేల్చడానికి మూడింటినీ కలిపేశాడు. 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిలు, ఆపైన మారథాన్ పరుగు. బయలుదేరింది 15 మంది, పూర్తి చేసింది 12 మంది. గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. అప్పటినుంచి ఈత ముందుండడమే వాడుక. అలసిన ఒంటితో నీళ్లలో దిగడం ప్రమాదం గదా. మన దేశంలో ఇందులో సగం దూరపు పోటీ గోవాలో 2019 అక్టోబరులో మొదలైంది. అక్కడా ముందు సముద్రంలో 1.9 కి.మీ. ఈదినవాడికే సైకిలు. (పద్దెనిమిది నిండనివారిని వీటిలోకి రానివ్వరు. మీరు తొందరపడనక్కరలేదు.)

ముందు పెట్టినంత మాత్రాన నీరు మెత్తబడదు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో మరణమో, గుండె ఆగిపోవడమో జరిగిన 135 సంఘటనలను వైద్యులు పరిశీలించారు. వాటిలో 90 ఈతలోనే జరిగాయి. ఒలింపిక్ కొలతల్లో ఈత మొత్తం దూరంలో వందకు మూడు పాళ్లు. ఆ మూడు పాళ్లలో ఆపద మూడింట రెండు పాళ్లు! మొత్తం మీద ఆపద అరుదే, పాల్గొన్న లక్షమందిలో ఇద్దరికంటే తక్కువ. పైగా వాళ్ల చుట్టూ పడవలున్నాయి, వైద్యులున్నారు. మన చెరువుగట్టున ఎవరున్నారు?

ఇప్పుడు అసలు సంగతి. మన తాతలకు ఈత వచ్చు. నా ఈడువారికీ చాలామందికి వచ్చు. కరువుసీమలో ఇదెలా అంటారా? ప్రతి పొలంలోనూ దిగుడు బావి ఉండేది. ఎండాకాలం సెలవుల్లో నడుముకు ఎండిన సొరబుర్రలో, బెండ్లో కట్టి, పైనుంచి తాడు పట్టుకొని పెద్దవాళ్లు పిల్లలను బావిలోకి దింపేవారు. రోజుకొక బెండు తగ్గించేవారు. నాలుగు రోజులకు ఏ బెండూ లేకుండా పిల్లవాడు గట్టుకు చేరేవాడు. బోర్లు వచ్చాయి. నీరు నూర్ల అడుగుల కిందికి పోయింది. దిగుడు బావులు ఎండి, కంపచెట్లు మొలిచి, కొన్ని పూడిపోయాయి. బావితోపాటు ఆ పాఠమూ పోయింది. బోరు నీళ్లు తాగవచ్చు, పైరుకు పెట్టవచ్చు. అందులో ఎవరూ ఈత నేర్చుకోలేరు.

నీళ్లు లేనప్పుడు ఈత ఎందుకని అడుగుతారు కొందరు. నాకు ఈ మాట విన్నప్పుడల్లా 2021 నవంబరు గుర్తుకు వస్తుంది. వాయుగుండం వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. కొండ నడకదారుల్లో మెట్లమీద నీరు జలపాతంలా దూకింది. ఎప్పుడూ ఇసుకగా కనిపించే స్వర్ణముఖి గట్లు తెంచుకుంది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. ఆ నెల 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ప్రాణాలు పోయాయి. అలాంటి వరదను ఈదుకొని గెలవవచ్చని నేను అనను, గజ ఈతగాడు కూడా గెలవలేడు. నేననేది ఆ తర్వాతి సంగతి. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు, కుంటలు నిండుతాయి. నీళ్లంటే తెలియని పిల్లలు సంబరంగా అందులో దిగుతారు. మట్టికోసం యంత్రాలతో తవ్విన గుంతలు అడుగున ఉంటాయి. ఒక అడుగు మోకాలి లోతు, మరుసటి అడుగు నిలువు లోతు. మరునాడు పత్రికలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది. మన దేశంలో ఏటా ముప్పైవేలమందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు.

ఇంట్లో పెద్దలు చెప్పేది ఒక్కటే, "నీళ్ల దగ్గరికి పోవద్దు" అని. ఆ భయం తప్పు కాదు. అది చాలదని నా అభిప్రాయం. రోడ్డు దాటడం నేర్పకుండా రోడ్డు దగ్గరికి పోవద్దంటే సరిపోతుందా? ఇక ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. ఆ దిగుడు బావుల కాలంలో కూడా దూకినవాళ్లు మగపిల్లలే. అక్కచెల్లెళ్లు గట్టుమీద కూర్చొని తమ్ముళ్ల చొక్కాలు కాపలా కాసేవారు. 2021 మార్చిలో శ్రీలంక తీరంనుంచి ధనుష్కోటి వరకు దాదాపు 30 కి.మీ. పాక్ జలసంధిని ఈదిన గోలి శ్యామల హైదరాబాదు మహిళ. నలభై దాటిన తర్వాత ఈత నేర్చుకున్నారు. బావిగట్టున కాపలాకు కూర్చోబెట్టిన వారిలో ఇలాంటివారు ఎందరుండేవారో!

ఈత కొలనులు కట్టడానికి డబ్బు లేదంటారు. బంగ్లాదేశ్‌లో కొలనులు కట్టలేదు. ఊరి చెరువులోనే ఒక మూల వెదుళ్లతో చతురస్రంగా దడి కట్టి, అడుగున వెదురు తడికె పరిచారు. పిల్లవాడి కాలు తడికెకు తగులుతుంది, దాని కిందికి మునగడు. శిక్షణ పొందిన ఊరివాళ్లే నేర్పారు. పరీక్ష కూడా సులువైనదే: 25 మీటర్లు ఈదాలి, అర నిమిషం తేలాలి, మునిగేవాడిని నీళ్లలో దిగకుండా కాపాడడం తెలిసి ఉండాలి. ఇలా నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోవడం తొంభై శాతానికి పైగా తగ్గిందని లెక్కలు తీశారు. మన చెరువుల్లో వాన బాగా పడిన ఏడు సంక్రాంతి తర్వాత కూడా నీళ్లుంటాయి. వెదురు మన కొండల్లో పెరుగుతుంది. డ్రిల్లు అయ్యవారు ప్రతి ఉన్నత పాఠశాలలోనూ లేకపోవచ్చు గాని, మండలానికి ఒకరినైనా తర్ఫీదు చేయవచ్చు. సైకిళ్లు తొక్కే మన ఔత్సాహికులు ఇందుకు ముందుకు వస్తే ఇంకా మేలు. వాళ్లలో కొందరు వాడే సైకిలు ధరలో ఆ వెదుళ్ల ఖర్చు ఏ మూలకూ రాదు. పిల్లలకు నేర్పించే నెపంతో వాళ్లూ నేర్చుకొని డ్యుయథ్లాన్ నుంచి ట్రయథ్లాన్‌కు ఎక్కవచ్చు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇది చదివి ఎవరూ తమంతట తాము చెరువులోకో, రాతి క్వారీ గుంతలోకో దిగరాదు. నేర్పే పెద్దమనిషి పక్కన ఉండాలి, నీరు నడుము లోతుకు మించకూడదు, గట్టున తాడు, గాలి నింపిన లారీ ట్యూబు సిద్ధంగా ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే మీరు దూకవద్దు. మునిగేవాడు అందిన దాన్ని ముంచి పైకి రావాలని చూస్తాడు, అది వాడి తప్పు కాదు. గట్టుమీద పడుకొని కట్టె అందించండి. చీరో, పంచో, తాడో విసరండి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ బిందె కూడా మనిషిని తేలుస్తుంది, పది లీటర్ల బిందె మునిగితే దాదాపు పది కిలోల ఉత్ప్లవన బలం. ఎంతో మీరే లెక్క కట్టుకోండి.

ఈ నెలలో మీరు చేయగల పని ఒకటుంది. మీ తరగతిలో ఎంతమందికి 25 మీటర్లు ఈదడం వచ్చో లెక్క తీయండి. మగపిల్లలు, ఆడపిల్లలు వేరువేరుగా. వచ్చినవారు ఎక్కడ నేర్చుకున్నారు, బావిలోనా, చెరువులోనా, కొలనులోనా? ఎవరు నేర్పారు? వాళ్ల నాన్నకు వచ్చా, అమ్మకు వచ్చా, తాతకు వచ్చా? మీ ఊళ్లో నీళ్లున్న దిగుడు బావులు ఎన్ని, ఎండినవి ఎన్ని? పట్టిక గీసి ఒక ప్రతి మీ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి, ఇంకొకటి ఈ పత్రికకు పంపండి. ఊరి పేరు, తరగతి తప్పకుండా రాయండి.