కూర్చోబెట్టకండి, నిలబడటం నేర్పండి

ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే ఒళ్లు తూలుతోందా? నడుస్తుంటే అరికాళ్ల కింద దూది పరచినట్లుందా? ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారు దీనిని 'వయసు మీద పడింది' అని సరిపెట్టుకోకూడదు.

మనిషి నిలకడగా నిలబడటానికి మూడు ఆధారాలున్నాయి: కంటిచూపు, లోపలి చెవి, పాదాల స్పర్శ. మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతింటే మూడవ ఆధారం సన్నగిల్లుతుంది. ఆ లోటును చాలావరకు కళ్లు పూడుస్తాయి. అందుకే పగలు చక్కగా నడిచే వ్యక్తి రాత్రి స్నానాలగదికి వెళ్తూ పడిపోతాడు.

ఒకసారి పడ్డాక ఇంట్లోవారు ఏమంటారు? "నువ్వు కదలకు నాన్నా, అన్నీ మేం చూసుకుంటాం." అది ప్రేమతో అన్న మాటే. కానీ కదలని కాళ్లలో కండ తరుగుతుంది, భయం పెరుగుతుంది, మరోసారి పడే ప్రమాదమూ పెరుగుతుంది. నేను కూడా ఉద్యోగకాలంలో చక్కెర అంకెలు చూసి మాత్రలు రాశానే గాని, "ఒకసారి లేచి నిలబడండి, చూస్తాను" అని రోగిని అడిగిన సందర్భాలు తక్కువ. అది నా లోపమేనని ఒప్పుకుంటున్నాను.

65 ఏళ్లు దాటినవారు నిలకడను, కండబలాన్ని పెంచే వ్యాయామాలు వారానికి కనీసం 3 రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇందుకు యంత్రాలు అక్కరలేదు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు 10 సార్లు ఎత్తి దించండి. గట్టి కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోండి. ఒక పాదం ముందు మరొకటి ఆనించి 10 సెకన్లు నిలబడండి. అది అలవడ్డాక ఒంటికాలిపై ప్రయత్నించండి. చెప్పులు లేకుండా వద్దు. కళ్లు మూసుకుని వద్దు. పక్కన ఒకరు తప్పక ఉండాలి. పాదంలో పుండు ఉన్నా, లేవగానే కళ్లు తిరిగినా ముందుగా వైద్యుని కలవండి.

పోయిన స్పర్శ ఈ వ్యాయామాలతో తిరిగి వస్తుందని నేను చెప్పను. మిగిలిన బలాన్ని వాడుకోవడం మాత్రం శరీరం ఏ వయసులోనైనా నేర్చుకోగలదు. ఈసారి రక్తపరీక్షకు వెళ్లినప్పుడు పాదాల స్పర్శను, నిలకడను కూడా పరీక్షించమని అడగండి. అది అడిగి చేయించుకోవలసిన పరీక్షే; మొహమాటపడవద్దు.